పడుగు అయిపోయినప్పుడల్లా

లలితమ్మ లీవు అడిగిందంటే ఊళ్లో మగ్గం మీద పడుగు అయిపోయిందని మా యూనిట్లో అందరికీ తెలుసు. పండక్కి అడగదు, పెళ్లికి అడగదు, జ్వరమొచ్చినా మాత్ర మింగి వస్తుంది. భర్త దశరథ ఫోను చేసి "పడుగు అయిపోయింది" అన్నాడంటే మాత్రం ఇక ఆమె మా మనిషి కాదు. చేతులు బెంచి మీద ఉంటాయి, ప్రాణం పోచంపల్లి బస్సులో ఉంటుంది.

ఎల్బీనగర్‌లో మెట్రో దిగి టైర్ల కొట్ల వెనక సందులోకి వస్తే మా యూనిట్. కరెంటు తీగల్ని కలిపే కనెక్టర్లు చేస్తాం. వీటికి స్క్రూ ఉండదు. మీట ఎత్తి, తొక్క తీసిన తీగ కొస లోపల పెట్టి, మీట వదిలితే స్ప్రింగు పట్టుకుంటుంది. వినడానికి ఇంతే. ఆ స్ప్రింగు వంపు కోసం మా ఓనరు ప్రసన్నకుమార్ గారు ఉన్న జుట్టు కాస్తా ఊడగొట్టుకున్నారు. బిగువు ఎక్కువైతే సన్నటి రాగి పోగులు తెగుతాయి, తక్కువైతే తీగ జారి వస్తుంది. వంపు మార్చినప్పుడల్లా కొత్త నమూనా తెచ్చి, "సీతామహాలక్ష్మి గారూ, ఒకసారి నొక్కి చూడండి" అంటారు. నా బొటనవేలు నొప్పెడితే ఆ నమూనా పోయినట్టే. మాది రేపల్లె. రేపల్లె బొటనవేలికి ఇంత మర్యాద ఇంకెక్కడా జరగలేదని నేను గొప్పలు పోతుంటాను.

తయారైన సరుకు ప్యాక్ చేయడం నా పని. లలితమ్మ నా పక్కనే కూర్చుని ప్లాస్టిక్ గూడులో రాగి పట్టీ పెట్టి, దాని మీద స్ప్రింగు కూర్చోబెడుతుంది. ఆమెంత వేగంగా ఆ పని చేసేవాళ్లు మాలో లేరు. ఆ చేతులు నేతవాళ్ల చేతులు మరి. పెళ్లయిన నాటి నుంచీ దశరథ మగ్గంలో, ఆమె కండెలు చుడుతూ పక్కన. కూతురు రజిత నర్సింగు చదువుకు దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పుడు తోడుగా వచ్చింది. రజితకు ఇక్కడే దవాఖానలో ఉద్యోగం దొరికింది. ఒక్క మగ్గం మీద ఆ ఇల్లు గడవదు, పిల్లను ఒంటరిగా వదల్లేరు. తల్లి ఉండిపోయింది.

"ఆయన్నే ఇక్కడికి రమ్మనొచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"మాది గుంట మగ్గం అక్కా. కాళ్లు పెట్టెతందుకు గుంత తవ్వాలె. కిరాయి ఇంట్ల, గది గూడ మూడో అంతస్తుల, ఎవడు తవ్వనిస్తడు?" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ పడుగు సంగతేమిటో కూడా ఆమే చెప్పింది. మగ్గం మీది నిలువు పోగులన్నీ నేతలో అయిపోయాక అచ్చులో, అంటే ఆ పోగులు దూరే వెదురు దువ్వెనలో, పాత కొసలు మిగులుతాయి. వాటికి కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలపాలి. ముడి వేయకూడదు. పోగు జారకుండా వేళ్లకు కాస్త బూడిద రాసుకుని, రెండు కొసల్నీ కలిపి మెలిపెట్టాలి. దాన్నే అచ్చు అతకడం అంటారు. వాళ్ల పక్కింటి ఈరమ్మ కూలికి అతుకుతుంది. కానీ దశరథ ఆమెను ఎప్పుడూ పిలవడు. పెళ్లాం వచ్చేదాకా మగ్గాన్ని ఖాళీగా ఉంచుతాడు. మగ్గం ఆగితే పొయ్యి ఆగే ఇంట్లో అది చిన్న మాట కాదు. "నిన్ను చూడాలని ఉంది, రా" అని నోరు తెరిచి అడగడం చేతకాని మనిషి అలా అడుగుతున్నాడని లలితమ్మకు తెలుసు. అందుకే పరుగెత్తుతుంది.

ఈ శ్రావణంలో ఆ ఫోను వచ్చేసరికి మా మీద పెద్ద ఆర్డరు పడి ఉంది. "శనివారం సరుకు వెళ్లిపోతే వారం రోజులు వెళ్లి రండి," అన్నారు ఓనరు. ఇక చూడాలి ఆమెను. టీకి లేవదు, కబురుకు తల తిప్పదు. స్ప్రింగులు నూనె పూసి వస్తాయి, తుడిచి పెట్టాలి. ఆ తుడిచే ఓపిక లేక, వేళ్ల నుంచి జారుతున్నాయని, దేవుడి పటం ముందున్న విభూతి చిటికెడు తెచ్చి వేళ్లకు రాసుకుంది. అచ్చు అతికే చేతులకు ఇంకే ఉపాయం తోస్తుంది? పని చకచకా సాగింది. నేను చూడలేదు. చూసి ఉంటే ఆ విభూతి ఆమె నుదుటికి పూసి, దండం పెట్టి కూర్చోబెట్టేదాన్ని.

శుక్రవారం కరెంటు పెట్టి పరీక్షిస్తే కొన్ని కనెక్టర్లు వేడెక్కాయి. ప్రసన్నకుమార్ గారు ఒకటి విప్పారు. రాగి పట్టీ మీద నూనెలో కలిసిన బూడిద, పలచటి బురదలా ఉంది. తీగకూ పట్టీకీ మధ్య అది చేరితే కరెంటు సాఫీగా పోదు.

"ఇదేంటి?" అన్నారు.

లలితమ్మ లేచి నిలబడింది. "నేనే సార్. వేళ్లకు విభూతి రాసుకున్న. జారుతున్నయని."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "అన్నీ విప్పాలమ్మా. తుడిచి మళ్లీ బిగించాలి. అయ్యేదాకా ఎవరికీ లీవు లేదు," అన్నారు. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అన్నారా అని నా నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

సాయంత్రం మెట్ల మీద నిలబడి దశరథకు ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది కాబట్టి నాకూ వినపడింది.

"ఈసారి నాతోని గాదు. ఈరమ్మతోని అతికిచ్చుకో."

"మంచిది," అని పెట్టేశాడు దశరథ.

"మంచిదంట అక్కా," అంది నా వైపు తిరిగి.

"నువ్వేగా అతికించుకోమన్నావు?"

"నేనైతే అన్న. ఆయన ఎట్ల ఒప్పుకుంటడు?"

ఆ తర్వాతి వారమంతా విప్పడం, తుడవడం, బిగించడం. ఒకనాడు లలితమ్మ తుడుస్తూ తుడుస్తూ, "ఈపాటికి ఈరమ్మ సగం అతికి ఉంటది," అంది. ఆ ఈరమ్మ ఎవరో నేను చూడనైనా చూడలేదు. అయినా ఆవిడంటే నాకు ఒళ్లు మండింది. ఒకసారి ఆ అచ్చు మీద వేరే చేయి పడితే, మళ్లీ పడుగు అయిపోయినప్పుడు ఈమెకు ఫోను ఎందుకు వస్తుంది? లలితమ్మ దిగులంతా అదే. ఆ పిలుపు తప్ప వాళ్లకు మిగిలిందేముంది?

ఆ శనివారం సరుకు వెళ్లిపోయింది. సోమవారం నుంచి ఇంకో ఆర్డరు, లీవు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేం బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఒక బక్కపలచటి మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో పెద్ద గోనెసంచి, అందులోంచి వెదురు బద్దలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. లలితమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏంది, గిట్లొచ్చినవ్?"

"నువ్వు రానంటివి గద. అచ్చునే తీస్కొచ్చిన. పడుగు గూడ తెచ్చిన."

"ఈరమ్మ?"

"ఆమెకు తీరిక లేదంట," అన్నాడు దశరథ నేల చూపులు చూస్తూ. అబద్ధం చెప్పడం కూడా చేతకాదు పాపం.

మర్నాడు మధ్యాహ్నం గోంగూర పచ్చడి పట్టుకుని వాళ్ల గదికి వెళ్లాను. రజిత డ్యూటీకి వెళ్లింది. కిటికీ ఊచలకూ మంచం కోడుకూ మధ్య అచ్చు కట్టి ఉంది. ఆయన పోగు అందిస్తున్నాడు, ఆమె వేళ్లకు బూడిద రాసుకుని అతుకుతోంది. నన్ను కూర్చోమన్నారు గానీ ఇద్దరిలో ఎవరికీ నా మీద ధ్యాస లేదు. మా యూనిట్లో అందరికంటే వేగమైన ఆ చేతులు అంత మెల్లగా కదలడం నేనెన్నడూ చూడలేదు.

"ఇంక జరంతనే ఉన్నది," అన్నాడు దశరథ. "సాయంత్రం బస్సుకు నేను పోవచ్చు."

లలితమ్మ చేయి ఆగింది. అప్పటికే అతికిన ఒక పోగును కాసేపు చూసింది. "గిది సరిగ్గ పడలే," అని విప్పేసింది. నా కంటికి శుభ్రంగా ఉన్న అతుకు అది.

దశరథ పుట్టు నేతగాడు. ఏ అతుకు నిలుస్తుందో కళ్లు మూసుకుని తడిమి చెప్పగలడు. ఆమె విప్పిన పోగు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. బూడిద పళ్లెం ఆమె దగ్గరికి జరిపాడు.

"ఔ," అని ఇంకో పోగు మీద వేలు పెట్టాడు. "గిది గూడ సరిగ్గ లేదు. ఇప్పు."