బాలస్వామి సీడీ విన్నాను

బిజినేపల్లి బాలస్వామి, నేను పన్నెండేళ్లు ఒకే బృందంలో పాడాం. ముందు నేను, వెనక కోరస్‌లో అతను. ఈ రోజు పొద్దున వనపర్తిలో మా ఇంటికి వచ్చి, తానే రాసి, తానొక్కడే పాడిన మొదటి సీడీ నా చేతిలో పెట్టాడు.

"మొదటిది నీకే తెచ్చిన అన్నా. విని చెప్పు."

అతను వెళ్లగానే తలుపేసుకుని, కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను, నా బాణీల్లో ఏవి ఎత్తుకెళ్లాడో రాసిపెట్టుకుందామని. ఎనిమిది పాటలూ అయిపోయాయి. కాగితం తెల్లగానే మిగిలింది. ఒక్కటైనా నాది దొరికి ఉంటే ప్రాణం కుదుటపడేది!

అందులో ఐదోది వాళ్లమ్మ మీద రాసిన పాట. బొంబాయి పనికి పోతూ, జొన్న కంకి పాలు పట్టేసరికి వస్తానని కొడుకుకు చెబుతుంది. దాన్ని రెండోసారి పెట్టుకుని వింటుంటే మా ఆవిడ వంటింట్లోంచి తడి చేతులతో వచ్చింది.

"ఎవరు పాడుతుండ్రు?"

"మన బాలస్వామే."

"మల్లొక్కసారి పెట్టు. నువ్వెందుకు గిట్ల రాయవు?"

సాయంత్రం అతను ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాడు. "రికార్డింగ్ జర బాగలేదు తమ్మీ" అన్నాను. "అవునా అన్నా? ఇంకోసారి మంచిగ చేస్త" అన్నాడు పాపం, నమ్మేసి.

రికార్డింగ్‌లో ఏ లోపమూ లేదు. మీకు చెప్పగలిగాను గానీ, అతనికి చెప్పడానికి నోరు రావడం లేదు. స్నేహితుడి పాట బాగుందని మీకెప్పుడైనా కడుపు మండిందా? మండితే చెప్పండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.