సాంచాలు ఆగినాకే వినబడింది

ఆ రోజు ఏదో తేడాగా ఉందని అందరికంటే ముందు తెలియాల్సింది నాకు. తెలియలేదు. పొద్దున ఎనిమిదింటికి మా ఆయన రాజేశం చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఇయ్యాల పచ్చిపులుసు చెయ్యి సుజాతా" అన్నాడు. "రోజూ గదేనా? నీ నోరు పుల్లగైతలేదా?" అని కసిరాను. నవ్వి వెళ్ళిపోయాడు. తెలిసి ఉంటే కసిరేదాన్ని కాదు, ఆయనతో ఆ మాట ఇంకోసారి అనిపించేదాన్ని.

మాది సిరిసిల్ల. నేను ఇంట్లో బీడీలు చుడతాను, ఆయన సాంచాలు నడుపుతాడు. పవర్‌లూమ్‌ను మేము సాంచా అంటాం. షెడ్డులో పదహారు సాంచాలు ఒక్కసారి కొడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. అందుకే అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు విరిచినట్టు చూపితే పోగు తెగిందని, బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్ అని. ముక్కు పక్కన వేలు ఆనిస్తే నేను అన్నం గిన్నె తెచ్చానని. నా ముక్కుపుడకను చూసి మా ఆయన కనిపెట్టిన సైగ అది.

ఆ రోజు పదింటికే ఆయన ఎడమ చేత్తో సైగలు చేయడం పక్క సాంచాల మీదున్న సత్తయ్యన్న చూశాడు. కుడిచెయ్యి నొస్తుందేమో అనుకుని, తనూ సైగ చేసి ఊరుకున్నాడు. అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు, కరెంటు కోతలకు లెక్క లేదు. పన్నెండింటికి కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగాక మా ఆయన ఏదో అన్నాడు. అది మాటలా లేదు. మూతి ఒక పక్కకు పోయింది. "పొద్దుగాల్నే కల్లు తాగినవా రాజేశం?" అని ఎవరో నవ్వారట. సత్తయ్యన్న మాత్రం మా ఇంటికి ఉరికొచ్చాడు.

"చెల్లె, బావకు మాట పడిపోయింది. జల్ది నడు."

బస్సులు బంద్. కారు మాట్లాడుకుని కరీంనగర్ బయలుదేరాం. వేములవాడ దాటాక రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, పొయ్యిలు, గుండిగలు కనిపించాయి. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తినే వంటావార్పు జరుగుతోంది. మా ఆయన కూడా అలాంటివాటిలో ఎన్నోసార్లు కూర్చున్నవాడే. అద్దాలు పగులుతాయని డ్రైవర్ భయపడి, దిగి అడగకుండానే బండి తిప్పేశాడు. నేనూ ఆపలేదు. ఊళ్ళ మధ్య మట్టిదారుల్లో తిరిగి తిరిగి ఆసుపత్రి చేరేసరికి రెండున్నర అయింది.

డాక్టర్ సీటీ స్కాన్ చూశారు. "బ్లీడింగ్ లేదు. క్లాట్ వచ్చి స్ట్రోక్ అయింది. క్లాట్ కరగడానికి ఇంజెక్షన్ ఉంది, కానీ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. లాస్ట్ టైమ్ నార్మల్‌గా ఎప్పుడు మాట్లాడాడు?"

నేను సత్తయ్యన్న వైపు చూశాను. "షెడ్డుల ఎవలు మాట్లాడుతరు సార్, అంత సైగలేనాయె" అన్నాడు.

"పొద్దుగాల ఎన్మిదింటికి నాతోని మాట్లాడిండు సార్" అన్నాను.

"క్లియర్‌గా మాట్లాడాడా? ఏమన్నాడు?"

"పచ్చిపులుసు చెయ్యమన్నడు."

డాక్టర్ గడియారం వైపు చూశారు. "టైమ్ దాటిపోయిందమ్మా. మిగతా ట్రీట్‌మెంట్ చేద్దాం" అన్నారు.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఫిజియోథెరపీతో కుడికాలు కొంచెం కొంచెం దారికొచ్చింది. మాట రాలేదు. "దీన్ని అఫేజియా అంటారు. ఆయనకు అన్నీ అర్థమవుతాయి, మాటే బయటికి రాదు. మీరు మాట్లాడుతూనే ఉండండి" అన్నారు డాక్టర్. నాకు అది చెప్పాలా! మాట్లాడుతూనే ఉన్నాను. ఎదురు మాట లేకపోతే ఎంత వాగుడుకాయకైనా ఏడుపొస్తుంది.

ఇంటికొచ్చాక తెలంగాణ దీక్షా శిబిరం నుంచి ఆయన దోస్తు చూడటానికి వచ్చాడు. "బండి ఆపి ఒక్క మాట అడిగితే రాళ్ళు జరుపమా వదినా? మేము ఆపేది సర్కారును, మనుషుల పానాలను కాదు" అన్నాడు. ఆ దోస్తు మీద కోపం రాలేదు. షెడ్డులో మా ఆయనతో ఎవరూ ఒక్క మాట అనిపించలేదు, రోడ్డు మీద మేము ఒక్క మాట అడగలేదు.

తర్వాత జరిగిన తప్పు పూర్తిగా నాదే. కోరుట్లలో మా తల్లిగారింటికి తీసుకుపోయాను. "గీ పసరు తాగితే నెల దినాలల్ల మాటొస్తది. పథ్యం ఉన్నన్ని దినాలు గోళీలు బంద్ చెయ్యాలె" అన్నాడు మా అన్న. నేను తలూపాను. తొమ్మిదో రోజు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. జగిత్యాల ఆసుపత్రికి ఉరికాం.

"గోళీలు ఎవరు ఆపమన్నరు?" అని అక్కడి డాక్టర్ గద్దించాడు.

"నా ఆశ సార్" అన్నాను. ఆయన పాత గోళీలన్నీ మళ్ళీ రాసిచ్చాడు.

ఇప్పటికి ఏడాది దాటింది. ఆయన కర్ర పట్టుకుని నడుస్తాడు. నా బీడీ కట్టలు ఎడమ చేత్తో సర్దుతాడు. సాయంత్రం శిబిరంలో కూర్చుని, అందరూ జై కొడుతుంటే చెయ్యెత్తుతాడు. ‘అవ్’, ‘చాయ్’ అంటాడు. నన్ను పిలవాలంటే ముక్కు పక్కన వేలు పెడతాడు. తెలంగాణ ఎప్పుడొస్తుందా అని ఆయన ఎదురు చూస్తున్నాడు. నేను మాత్రం ‘సుజాతా’ అనే పిలుపు కోసం ఎదురు చూస్తున్నాను. వాడలో సాంచాలు ఆగినప్పుడల్లా చెవులు ఆ పిలుపు కోసమే వెతుక్కుంటాయి.

మా గడియారం కింద ఒక కాగితం అంటించాను. కారుకు ఎవరిని అడగాలి, స్కాన్ ఏ ఆసుపత్రిలో ఉంది, ఆయన వేసుకునే గోళీలేవి, అన్నీ దాని మీద రాశాను. బంద్ అని తెలిస్తే ముందురోజే శిబిరానికి పోయి ఏ దారి వదులుతారో అడిగి వస్తాను. మీకు నేను చెప్పేది ఒక్కటే. మనిషిలో ఏ కొంచెం తేడా కనబడ్డా, చప్పుడు లేని చోటికి తీసుకుపోయి ఒక పూర్తి మాట అనిపించండి. మాట తడబడితే గడియారం చూసి టైమ్ రాసుకుని బయలుదేరండి.

ఆ రోజు తర్వాత నేను పచ్చిపులుసు చేయలేదు. నోరు తెరిచి అడిగితేనే చేస్తానని మొండికేశాను. నిన్న పొద్దున ఆయన చింతపండు డబ్బా తెచ్చి నా బీడీల చాట పక్కన పెట్టాడు. ముక్కు పక్కన వేలు పెట్టాడు. నేను కదల్లేదు. చాలాసేపు పెదవులు కూడదీసుకుని, "చెయ్యి" అన్నాడు.

నా పేరు దాని వెంట రాలేదు. గడియారం చూశాను. తొమ్మిది ఇరవై అని కాగితం మీద రాసి, చింతపండు నానబెట్టాను.