మూడు వందల డెబ్బై ఒక్క పొగడ్తలు

ల్యాబ్‌లో ఆమెను అందరూ అనుమానాలమ్మ అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. ఒంట్లోకి జబ్బు చొరబడితే రక్తంలోని కణాలు దానితో ఎలా తలపడతాయో చూడడం ఆమె పని. చూసిందే మళ్ళీ చూస్తుంది, మూడోసారీ చూస్తుంది, అప్పటికీ మొహం చిట్లించుకునే ఉంటుంది. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తోంది. ఈ ఏడు ఇక పొడిగింపు లేదన్నారు. శుక్రవారంలోపు పర్మనెంటు పోస్టు వస్తే సరి, లేకపోతే బల్ల ఖాళీ చేసి ఇంటికి వెళ్ళాలి.

ఆ పోస్టుకో లెక్కుంది. మన పరిశోధన పేపర్లను మిగతా శాస్త్రవేత్తలు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారన్నది చూస్తారు. సైటేషన్లంటే అవే. మూడు వందలు దాటాలి. ఆమెకు ఒక్క పేపరుకే నాలుగు వందల పన్నెండున్నాయి. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఆమెకు మాత్రం ఆ అంకె కనబడితే చాలు, ఒళ్ళు మండుతుంది.

ఆ పేపరు ఓ సీసా గురించి. అందులో ఉండేది యాంటీబాడీ. కణంలో ఫలానా ప్రొటీన్ ఉంటే దాన్ని పట్టుకుని మెరిసేలా చేయడం దాని పని. ఆమె ఆ సీసాను నమ్మి ఆరేళ్ళు చాకిరీ చేసింది. చివరికి అనుమానం వచ్చి, ఆ ప్రొటీన్ అసలే లేని ఎలుకల కణాల మీద వేసి చూసింది. అక్కడా మిలమిలా మెరిసింది! లేనిదాన్ని ఉన్నట్టు చూపించే సీసా అన్నమాట. ఆరేళ్ళ పని చెత్తబుట్ట పాలైంది. ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంకొకరికి ఈ గతి పట్టకూడదని, 'దీన్ని వాడకండి' అంటూ నాలుగు పేజీలు రాసింది.

రెండేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. ఆపైన ఒక పేరుమోసిన ల్యాబు వాళ్ళు తమ పేపర్లో, 'ఈ యాంటీబాడీని ఇదివరకే పరీక్షించి చూశారు' అని ఆమె పేపరును చూపించారు. పరీక్షించిన మాట నిజమే, ఏం తేలిందో చదవొద్దూ? వాళ్ళను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు అదే వాక్యం ఎత్తి రాసుకున్నారు. ఆమె అన్నీ కూర్చుని చదివింది. సరిగ్గా చెప్పినవి నలభై ఒకటి. మిగతా మూడు వందల డెబ్బై ఒకటీ, ఆమె పేరు చెప్పి ఆ సీసానే నెత్తిన పెట్టుకున్నవి. ఆ పేపర్లు అచ్చేసిన పత్రికలకు ఉత్తరాలు రాసి రాసి వేళ్ళు అరిగాయి. పలికిన నాథుడు లేడు.

దరఖాస్తులో ఆమె ఆ లెక్కంతా విప్పి రాసింది. డిపార్టుమెంటు పెద్దాయన తల పట్టుకున్నాడు.

"ఎందుకమ్మా ఈ గొడవ? అంకె అడిగారు, అంకె ఇవ్వు. నీ కాళ్ళు నువ్వే నరుక్కుంటావా?"

"తప్పుగా రాశారు కదండీ."

"తిట్టినా పొగిడినా లెక్కలో ఒకటే. ఆ ముక్క తీసెయ్."

ఆమె తీయలేదు.

ఇంటర్వ్యూలో ఐదుగురు కూర్చున్నారు. అధ్యక్షుడు నవ్వుతూ, "మీ పేపరు చూసే మా ల్యాబుకు ఇరవై సీసాలు తెప్పించామండీ," అన్నాడు.

ఆమె కుర్చీలో ముందుకు జరిగి, "అది పనిచేయదనే కదండీ నేను రాసింది!" అంది.

ఐదుగురూ గొల్లున నవ్వారు. "ఎంత అణకువండీ మీది!" అన్నాడాయన. ముందున్న దరఖాస్తు మొదటి పేజీ దాటి తిరగనేలేదు.

గురువారం మధ్యాహ్నం ఆర్డరొచ్చింది. 'ఈ యాంటీబాడీ నమ్మదగినదని నిరూపించినందుకు' ఆమెకు పర్మనెంటు పోస్టు ఇస్తున్నారట. కింద, 'పై విషయాలన్నీ చదివి అంగీకరిస్తున్నాను' అని, సంతకానికి చోటు.

"ఈ వాక్యం తప్పండీ. మార్చండి," అంది గుమాస్తాతో.

"మార్చాలంటే కమిటీకి తిరిగి పంపాలి మేడమ్. మూడు నెలలు పడుతుంది. మీ కాంట్రాక్టు రేపటితో ఆఖరు కదా?"

ఆమె ఆ వాక్యం మళ్ళీ చదివింది, మూడోసారీ చదివింది. వెనక క్యూలో ఎవరో గొంతు సవరించుకున్నారు. సంతకం పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి భర్త వాకిట్లోనే ఎదురొచ్చాడు. ఆమె చేతిలో కాగితం చూసి, "వచ్చేసిందా! మరి ఆ మొహమేంటి?" అన్నాడు.

చెప్పులు విప్పకుండానే గడప మీద కూలబడింది.

"చదవకుండా నన్ను మెచ్చుకున్నవాళ్ళు మూడు వందల డెబ్బై ఒక్కరు, తెలుసుగా?"

"తెలియకేం, రోజూ తిడుతూనే ఉంటావుగా."

"వాళ్ళంతా చదవక తప్పు రాశారండీ. నేను మాత్రం చదివే సంతకం పెట్టాను."