డ్రిల్లు సారు అంటించిన పట్టిక

ఆ రోజుల్లో పన్నెండేళ్లవాడి ఫిర్యాదుకు విలువ ఉండేది కాదు. పెద్దయ్యాకైనా వింటారనుకున్నాను, నవ్వుతున్నారు. అందుకే రాసి పెడుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ప్రొద్దుటూరులో ఏడో తరగతి చదివేవాణ్ణి. కబడ్డీ జట్టు కడపకు పోతుందనగా మా డ్రిల్లు సారు ఎక్కడినుంచో బీఎంఐ పట్టిక తెచ్చి గోడకు అంటించారు. పిల్లల ఎత్తూ బరువూ కొలిచి, లెక్కగట్టి, ఒక్కొక్కరికి ఒక అంకె చెప్పడం ఆయనకు కొత్త సరదా. (ఆయన పొట్టకు లెక్క కట్టిన గుర్తు లేదు.) నాకు పదిహేడున్నర వచ్చింది. పట్టికలో పద్దెనిమిదిన్నరకు తగ్గితే బక్క. "నిన్నొకడు పట్టుకుంటే ఇరిగిపోతావు రా. ఈ అంకె దాటినాక రా, తీసుకుంటా" అన్నారు. కూతకు వెళ్తే నన్ను పట్టినవాడు మా తరగతిలో లేడని చెప్పబోయాను. "పట్టిక అబద్ధం చెప్తాదా?" అన్నారు.

ఇంట్లో అవ్వ దీన్ని పరువు సమస్య చేసింది. "తినప్పా. మన పిల్లోడే బక్కోడైతే మన అంగట్లో శెనక్కాయలు ఎవురు కొంటారు?" అంటూ సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి నింపేది. తిన్నాక మూటలు తూచే కాటా మీద నిలబెట్టేది. బరువు పెరిగింది. దాంతోపాటు నిక్కరూ పొట్టిదైంది. సారు మళ్లీ కొలిస్తే, మళ్లీ పదిహేడున్నరే. తిన్నదంతా ఎత్తు మింగేసింది. జట్టు నన్ను వదిలి బస్సెక్కింది, మొదటి ఆటలోనే ఓడింది. (ఇది సంతోషంగా చెప్పడం లేదు. మరీ బాధగానూ చెప్పడం లేదు.)

మొన్న, మా అక్క పన్నెండేళ్ల కొడుకు ఎత్తూ బరువూ చూసి డాక్టరమ్మ, "పదిహేడున్నర. బాగుండాడు" అంది. నేను వెంటనే పద్దెనిమిదిన్నర సంగతి ఎత్తాను.

"అది పెద్దోళ్ల పట్టికప్పా. పిల్లోళ్లకు వయసూ, ఆడామగా చూడల్ల. ఈ వయసు మగపిల్లోళ్లను వందమందిని ఈ అంకె ప్రకారం వరసగా నిలబెడితే, వీడు ఇంచుమించు నడుమ ఉంటాడు. పర్సెంటైలంటే అదే. ఒంట్లో బలమెంతో అది చెప్పదు."

నడుమ ఉండేవాణ్ణట. ఇన్నేళ్లూ చివర ఉన్నాననుకున్నాను.

ఆ వారమే ఒక పెళ్లిలో సారు కనబడితే ఈ ముక్కే చెప్పాను. ఆయన నా పొట్టవైపు చూసి, "ఇప్పుడేం తక్కువప్పా నీకు?" అని నవ్వి, పంక్తివైపు నడిచారు. నాకూ నవ్వొచ్చింది. అవ్వ కోరిక ఆలస్యంగా, అవసరానికి మించి తీరింది. పెద్దల పట్టిక ఇప్పుడు నా వయసుకు సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు ఒక్క కూత పెట్టమంటే సగంలోనే ఊపిరి అందదు.

కానీ నవ్వు జవాబు కాదు. సారూ, ఎత్తు అడిగారు, బరువు అడిగారు. ఆ రోజు నా వయసెందుకు అడగలేదు?