దురాయి ఎత్తేసిన రాజు

నేను రాసిన ఒకే ఒక్క నాటకంలో ఓ రాజు కథ పుట్టుక నుంచి చావు దాకా ఉంటుంది. ఏ చరిత్రలోనూ లేని రాజు, నా బుర్రలో పుట్టినవాడు. బడులు కట్టిస్తాడు, చెరసాలల తలుపులు తెరిపిస్తాడు, వెలివేతలు రద్దు చేస్తాడు. అవన్నీ చప్పట్ల కోసం రాసుకున్నవే. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

పులికాట్ ఒడ్డున మా పల్లెలో గంగమ్మ తిరునాళ్ళకు దాన్ని వేశాం. శ్రీహరికోటలో రాకెట్ వదులుతున్నారని ఆ రోజు ఎవర్నీ చేపల వేటకు పోనివ్వలేదు. సాయంత్రం నాలుగింటికే ఊరంతా గుడి ముందు ఇసకలో కూచుంది. రాజు వేషం మా పెద్దకాపుది. ఊరి తగవులు తీర్చేది ఆయనే. మీసముంది, గొంతుంది, కిరీటం ఒక్కటే అద్దెకు తెచ్చాం.

అప్పటికి రెండేళ్ళుగా మా పిన్ని మీద దురాయి ఉంది. అంటే ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, ఆమె చేపలు కొనకూడదు. మీరితే మీరినవాడి ఇంటికీ అదే గతి. కొట్టిన మొగుడి మీద పెద్దల దగ్గర కాకుండా పోలీసులకు చెప్పుకోవడమే ఆమె చేసిన నేరం. తల్లిలేని నన్ను పెంచింది ఆమే. నేనూ మాట్లాడలేదు.

మూడో అంకంలో పెద్దకాపు సింహాసనం మీంచి లేచి, గంగమ్మ వైపు చెయ్యి చాచి గర్జించాడు. "నేటి నుంచి నా రాజ్యంలో వెలి అన్న మాటే లేదు!"

ఈలలు మోగాయి. అంతలో దూరంగా పడవల దగ్గర నిలబడ్డ పిన్ని నడిచి వచ్చి, ఆడవాళ్ళ మధ్య కూచుంది. ఈలలు ఆగిపోయాయి.

"మేయ్, అది నాటకం," అని ఎవరో కసిరారు.

"అమ్మోరి ముందర పెద్దకాపు నోట వచ్చిన మాట వెనక్కి పోతుందా? ఎప్పుడన్నా పోయినాదా మనూళ్ళో?" అంది పిన్ని.

ఎప్పుడూ పోలేదు. గుడి ముందు అన్న మాటను ఆయన కూడా వెనక్కి తీసుకోలేడు. పెద్దకాపు తెర పక్కన కాగితాలతో ఉన్న నన్ను చూశాడు.

"రాసినోడివి నువ్వే గదరా అబ్బయా. చెప్పు, అది నా మాటా, నీ రాజు మాటా?"

పిన్ని కూడా నా వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు, నమ్మకం ఉంది. నాకేమో దురాయి రేపు నా ఇంటి మీద పడుతుందని భయం.

"రాజు మాటే మామా. నాటకం," అన్నాను.

పిన్ని లేచి, చీరకంటిన ఇసక దులుపుకుని వెళ్ళిపోయింది. నాటకం సాగింది. చివర్లో రాజు చచ్చిపోతే ఊరంతా ఏడ్చింది.

రంగు కడుక్కుంటూ పెద్దకాపు నన్ను పిలిచాడు. "మిగతా పెద్దోళ్ళు ఒప్పుకోక రెండేళ్ళుగా గమ్మునుండా. ఆ మాట నాదేనని నువ్వొక్క మాట అనుంటే అమ్మోరి మాటైపోయుండు. అందుకే నిన్నడిగినా."

తాను అనలేనిది నా చేత అనిపించాలనుకున్నాడని ఒళ్ళు మండింది. కానీ అడిగినప్పుడు ఆ మాట నా నోట్లోనే ఉంది, అననిది నేనే.

ఆ దురాయి మరో ఏడాదికి ఎత్తేశారు. పిన్ని ఇప్పుడు ఊళ్ళో అందరితో మాట్లాడుతుంది. నాతో మాట్లాడదు.