పోర్టోఫినో రేవులో చేతుల మాటలు

సూరత్‌లోని వేసూలో మా దంతాల క్లినిక్ కింద ఈమధ్య ఒక బేకరీ తెరిచారు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఆలివ్ నూనె, ఉప్పు, అప్పుడే పొయ్యి దిగిన రొట్టె కలిసిన వాసన మెట్లెక్కి పైకి వస్తుంది. పేషెంట్లు ఇంకా రాని ఆ కాసేపు కిటికీ తెరిచి కూర్చుంటాను. నలుగురికీ అది రొట్టె వాసనే. నాకు మాత్రం పోర్టోఫినో వాసన. చిన్నప్పుడు ఆ ఇటలీ రేవులో మా తాత చెయ్యి పట్టుకుని నడిచిన పూట ఇంకా నా ముక్కును వదల్లేదు.

మా తాత సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో ఒళ్ళు వంగేదాకా మరమగ్గాలు నడిపాడు. మావాళ్ళు వాటిని సాంచాలంటారు. మా గల్లీలో పొద్దు తెలిసేది వాటి చప్పుడుతోనే. చలికాలం పచ్చిజొన్నల పోంక్ కాల్చే పొగలో, గాలిపటాల రోజుల్లో డాబా మీద నానమ్మ పాత చీర పరిచి చుట్టిన సకినాల చుట్టూ మేం ఆడుకుంటున్నప్పుడూ, వానాకాలం గల్లీ నిండా నీళ్ళు నిలిచినప్పుడూ ఆ ఖట్ ఖట్ ఆగేది కాదు. ఆ మోతలో నోటి మాట ఎవరికి వినిపిస్తుంది? అందుకే కార్ఖానాలో అందరూ చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. బొటనవేలు పెదవికి వంచితే చాయ్. కడుపు ముందు అరచేయి గుండ్రంగా తిప్పితే సేఠ్ వస్తున్నాడు. చూపుడువేళ్ళు కలిపి విడదీస్తే దారం తెగింది. సేఠ్‌ను చూపించేటప్పుడు తాత బుగ్గలు కూడా ఉబ్బించేవాడు, నేను పడీపడీ నవ్వేదాన్ని.

సాంచాలు వదిలేనాటికి తాత చెవులు పూర్తిగా పోయాయి. అప్పటికి మా నాన్న (సూరత్ పిల్లను కదా, పప్పా అనేదాన్ని) రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల దుకాణం పెట్టి, మమ్మల్ని అడాజణ్ ఫ్లాట్‌కు మార్చాడు. అక్కడ తాత చేతులాడించడం పప్పాకు నామోషీగా ఉండేది. "బాపూ, గిట్ల చేతులూపకు, మంది జూస్తరు" అని గట్టిగా అరిచేవాడు. తాతకు మాట వినపడేది కాదు, అరుస్తున్న మొహం మాత్రం కనపడేది. కొడుకు తిడుతున్నాడనుకుని తల దించుకుని బాల్కనీలోకి పోయేవాడు. తండ్రీకొడుకులు ఒకే సోఫా మీద కూర్చుని టీవీ చూసేవాళ్ళు, మధ్యలో దుబాసీగా నేను. పప్పా ఒక్కసారైనా తాతతో మామూలుగా మాట్లాడితే చాలని నాకెంత ఉండేదో చెప్పలేను.

నానమ్మ అప్పటికే లేదు. వ్యాపారం కలిసొచ్చిన ఏడాది వేసవి సెలవుల్లో పప్పా తాతను, అమ్మను, నన్ను మధ్యధరా సముద్రంలో క్రూజ్‌కు తీసుకెళ్ళాడు. అమ్మ ఒక సూట్‌కేసు నిండా థేప్లాలనే గుజరాతీ మెంతి రొట్టెలు, మామిడికాయ తొక్కు సర్దింది. ఓడ పోర్టోఫినోకు దూరంగా నీళ్ళలోనే ఆగింది, చిన్న పడవల్లో మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు. దిగగానే ఎదురొచ్చింది ఆ రొట్టె వాసనే.

అంత అందమైన రేవును నేను మళ్ళీ చూడలేదు. కొండలు మూడువైపులా నిలబడి నీళ్ళను ఒడిలోకి తీసుకున్నాయి. ఒడ్డు పొడవునా గులాబీ, పసుపు, ఇటుక రంగు ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. కొన్ని గోడల మీద కిటికీలను నిజంగా పెట్టకుండా రంగులతోనే గీశారు, తలుపు రెక్కలు, వాటి నీడలతో సహా. తాత ఒకదాన్ని తడిమి చూసి, మోసపోయినందుకు మురిసిపోయాడు. తెల్లటి పడవల మీద తెల్లటి బట్టల మనుషులు ఏ తొందరా లేకుండా కూర్చుని నిమ్మకాయ షర్బత్ తాగుతున్నారు. అద్దాల గోడల దుకాణంలో పెట్టిన ఒకే ఒక్క చేతిసంచిని చూసి అమ్మ ఆగిపోయింది. "గింత దుకాన్ల ఒక్క సంచేనా? మన మార్కెట్ల ఐతే కాలు వెట్ట సందుండది." పైన పసుపు చర్చి దాకా మెట్ల దారిలో ఎక్కాం. అక్కడ అటు చూసినా ఇటు చూసినా సముద్రమే. ధోతి, నెత్తిన తెల్ల రుమాలుతో తాత ఆ గట్టు మీద నిలబడితే, దారిన పోయేవాళ్ళు నవ్వుతూ పలకరించారు. నాకెంత గర్వంగా ఉందో.

దిగి వచ్చాక, పడవల గట్టును ఆనుకున్న సందు మొదట్లో ఒక గడప నీడలో ముసలావిడ ఒళ్ళో దిండు పెట్టుకుని లేసు అల్లుతోంది. దారాలు చుట్టిన సన్నటి చెక్క కడ్డీలు ఆమె వేళ్ళ మధ్య అటూ ఇటూ దాటుతున్నాయి. తాత అక్కడే ఆగిపోయాడు. ఆమె పక్కనున్న కుర్చీ చూపించింది. ఆయన దారం కొస పట్టుకుని బాగుందన్నట్టు తలూపాడు. వాళ్ళిద్దరికీ ఏ భాషా కలవదు, అయినా చేతులతో ఏవేవో చెప్పుకుంటూ కూర్చున్నారు.

పడవ వేళైంది. తాత అమ్మతో ఉన్నాడని పప్పా, పప్పాతో ఉన్నాడని అమ్మ అనుకున్నారు. ముందు పరిగెత్తి చోటు పట్టుకున్న నేను ఇద్దరితోనూ ఉన్నాడనుకున్నాను. పడవ కదిలాక చూస్తే గట్టు మీద తెల్ల రుమాలు, మమ్మల్ని వెతుకుతూ. పప్పా గొంతు చించుకుని అరిచాడు. "బాపూ, ఆడనే ఉండు!" ఇంజను మోతలో ఆ అరుపు మాకే సరిగ్గా వినపడలేదు. తాతకు మాత్రం అరుస్తున్న మొహం కనపడింది. ఇంట్లో లాగానే తల దించుకుని, వెనక్కి తిరిగి సందులోకి నడవసాగాడు. ఆ సందుల్లో పోతే, చెవులు లేని మనిషిని, ఊరి పేరు కూడా పలకలేని మనిషిని ఎక్కడని వెతుకుతాం? నేను చేతులూపాను గానీ పొడుగాటి మనుషుల వెనక ఎవరికి కనపడతాను?

లేసు ముసలావిడ మా పడవను చూసింది. లేచి తాత చొక్కా పట్టుకుని సముద్రం వైపు తిప్పింది. అప్పుడు పప్పా బెంచీ ఎక్కి నిలబడ్డాడు. ఖరీదైన కోటు, చుట్టూ అంతమంది. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు కిందికి నొక్కి, తన గుండె మీద కొట్టుకుని, వేలితో నీళ్ళ మీదుగా గట్టు దాకా గీత గీశాడు. ఆగు, నేనొస్తున్నా. చిన్నప్పుడు కార్ఖానాకు తాత సద్ది మోసిన కొడుకు ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు. నాకు ఏడుపొచ్చింది.

తాత బొటనవేలు పెదవికి వంచి, కుర్చీ వైపు చూపించాడు. నువ్వు రా, నేను చాయ్ తాగుతుంటా. పప్పా కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు.

మమ్మల్ని ఓడ దగ్గర దించి ఆయన అదే పడవలో వెనక్కి వెళ్ళాడు. డెక్ మీద నుంచి చూస్తుంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వచ్చారు, దారి పొడవునా నాలుగు చేతులూ ఆడుతూనే ఉన్నాయి. ఏం చెప్పుకున్నారో ఆ దూరం నుంచి నాకు అందలేదు. ఆ రోజుతో నా దుబాసీ కొలువు పోయింది.

తాత పోయి చాలా కాలమైంది. లింబాయత్‌లో ఆయన నడిపిన సాంచాలు తుక్కు కింద అమ్ముడుపోయాయి, కొత్తవి ఊరి బయట కిమ్ వైపు పెద్ద షెడ్లలో పెట్టారు. అక్కడి పిల్లలు చెప్పాల్సిందేదైనా ఫోన్లో మెసేజ్ పెట్టుకుంటారు. మొన్న ఒక పెళ్ళిలో డీజే మోత మధ్య, హాలు ఆ చివర నుంచి పప్పా చేతులతో అడిగాడు, తిన్నవా బిడ్డా అని. తిన్నానని ఇటు నుంచి చెప్పాను. పక్కనున్న మా ఆయన ఏమైందోనని కంగారుపడ్డాడు. ఈ మాటలు తెలిసినవాళ్ళం ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఒకరు లేని రోజున రెండోవాళ్ళ చేతులు ఊరికే ఉండిపోతాయి.