పెన్సిలుతో తెరిచిన నరసింహస్వామి కళ్లు

బొమ్మను మెచ్చుకోవడానికి నోరుంటే చాలు. నేను పెన్సిలు కూడా వాడాను. దాంతో ఆళ్లగడ్డలో ఒక కొంప ఎలా మునగబోయిందో చెబుతాను. మీరు నవ్వండి, నాకు అలవాటే.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కొత్తది, నా తెలివీ కొత్తదే. నా స్నేహితుడు ఓబులేసుకు నంద్యాల బళ్లో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం వచ్చేట్టుంది. మరునాడు పొద్దున్నే హెడ్మాస్టరుకు మంచి బొమ్మ ఒకటి చూపించాలి, అంతే. వాళ్ల తాత ఆళ్లగడ్డలో శిల్పి. ఆయన నరసింహస్వామి విగ్రహం చెక్కుతుండగా వీడు ఎదురుగా కూర్చుని గీశాడు.

"చూస్తాండప్పా, బస్సు ఎప్పుడుందో కనుక్కోనొస్తా" అని బొమ్మ నా చేతిలో పెట్టి వెళ్లాడు.

ఏం బొమ్మండీ! తాత మెడ నరాలు, ఉలి మీద బిగిసిన వేళ్లు, మీసంలో రాతిపొడి... ఒక్కటే లోపం. స్వామికి కళ్లు లేవు. తొందరలో మరిచిపోయాడు పాపం! స్నేహితుడన్నాక ఆమాత్రం సాయం చేయొద్దా? పెన్సిలందుకుని కోడిగుడ్లంత కళ్లు రెండు పెట్టాను.

"ఏం చేస్తాండావ్‌రా?" వెనక ఓబులేసు అవ్వ.

"సామికి కండ్లు పెడతాండా అవ్వా."

అవ్వ చేతిలో చెంబు జారింది. "ఓయమ్మో! కండ్లు ఆఖర్న, పూజ చేసి, అద్దం చూపిచ్చి తెరవాల గదరా! తెరిచిన కండ్లు మొదట ఎవురి మీద పడినాయ్?"

నా మీదే. అందులోనూ నరసింహస్వామి. రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను.

ఓబులేసు వచ్చాడు, చూశాడు, గోడకానుకున్నాడు. "రబ్బరుతో చెరిపేస్తాలే అవ్వా."

"సామి కండ్లు పీకుతావా? చేతులిరగ్గొడతా!"

బొమ్మ దేవుడి గూట్లోకి వెళ్లిపోయింది.

"పూజ ఐనంకనన్నా ఇయ్యవ్వా!"

"కండ్లు తెరిచిన సామిని బస్సులో ఏస్తావా? ఈడనే ఉంటాడు."

"నా ఉద్యోగం?"

"ఇంగోటి గీసుకో. మీ తాత యాడికి పోయినాడు?"

నిజమే, తాత ఎక్కడికీ పోలేదు. గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. హారతిలో స్వామితోపాటు బొమ్మలోని తాతకూ కుంకుమ పడింది. పువ్వు పడింది. ఇరుగుపొరుగు వచ్చి ఇద్దరికీ మొక్కారు. తాత మీసం సవరించుకున్నాడు.

ఆఖరి బస్సుకు గంట కూడా లేదు. ఓబులేసు కొత్త కాగితం పరిచాడు. "తాతా, బేగా ఉలి పట్టు."

తాత బాసింపట్టు వేసి, కళ్లు అరమూసి, కుడిచెయ్యి అభయహస్తంలా ఎత్తాడు.

"తాతా, ఉలి!"

"దేవుడు ఉలి పడతాడేందిరా? ఇట్లనే గియ్యి. గీసినంక టెంకాయ కొట్టు."

రోడ్డు మీద బస్సు హారను మోగింది. ఓబులేసు నన్ను చూసిన చూపు ముందు నరసింహస్వామి పసిబిడ్డ. ఏడుస్తూనే గీసి, పరుగున పోయి బస్సు అందుకున్నాడు.

మరునాడు హెడ్మాస్టరు ఆ బొమ్మ చూసి కుర్చీలోంచి లేచాడు. చెప్పులు విడిచి, చేతులు జోడించి, "ఎవరప్పా ఈ మహర్షి?" అన్నాడు. ఉద్యోగం అక్కడికక్కడే ఇచ్చేశాడు.

అయినా అష్టదిక్పాలకుల సాక్షిగా శపథం పట్టాను: ఇక ఎంత గొప్ప బొమ్మనైనా చేతులు వెనక్కి కట్టుకునే మెచ్చుకుంటాను.